శనివారం నూనె

నోట మాట రాకముందే మన అక్కర తెలిసిన దేవునికి స్తోత్రం. వానను దాని కాలంలో పంపి, మన్నును మెత్తబరచి, గింజను మొలిపించే తండ్రికి స్తోత్రం. పశువు మూలుగు కూడా వినేవాడికి, మనుషులు పెట్టుకున్న నియమాల కింద ఎవరు నలుగుతున్నారో చూసేవాడికి స్తోత్రం. ఆయన మంచివాడని నేను నమ్ముతున్నాను. ఈ సంగతి రాస్తూ కూడా నమ్ముతున్నాను. ఆ మాట ముందే చెప్పకపోతే, నేను ఆయన మీద అలిగి రాస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు.

నేను పుట్టింది జనగామలో, రైలు కట్టకు ఆనుకుని ఉన్న వాడలో. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు లేచినప్పుడు బడులు మూతపడ్డాయి. బస్సులు ఆగిపోయేవి. బజారు ఏ పూట తెరుస్తారో, ఏ పూట మూస్తారో తెలిసేది కాదు. బడి లేని ఆ ఏడాది మా నాయిన నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. బైబిలులో పొద్దున ఒక అధ్యాయం, మాపు ఒక అధ్యాయం బిగ్గరగా చదివించేవాడు. ఒక మాట తప్పు పలికితే మళ్లీ మొదటి నుంచి. లెక్కలు వెనకబడ్డాయి గాని వాక్యం నోటికి వచ్చింది. ఆ చదువు చూసే మా మామ నన్ను కోడలిగా అడిగాడు. ఆయన సంఘ పెద్ద. కళ్లకు పొర కమ్ముతున్నది. కూడికలో చదవడానికి ఇంట్లో ఒక గొంతు కావాలి. "పిల్లకు వంటొస్తదా అని అడుగ. ఒక అధ్యాయం చదివియ్యుండ్రి, నేను వింట" అన్నాడు చూడ వచ్చిన రోజున.

అత్తగారి ఊరు మొగుళ్లపల్లికి అవతల, చెల్పూరు దిక్కు అడవి మొదలయ్యే చోట. అక్కడ మా సంఘం చిన్నది. మేము విశ్రాంతి దినంగా ఆదివారాన్ని కాదు, శనివారాన్ని పాటించేవాళ్లం. శుక్రవారం పొద్దు గూకితే ఇక పని లేదు. నీళ్లు తోడుకోవడం, వండుకోవడం, కట్టెలు కొట్టుకోవడం, పశువుల మేత, అన్నీ ఆ లోపలే కావాలి. ఊళ్లో వాళ్లు మమ్మల్ని 'శనివారపోళ్లు' అనేవాళ్లు. అందులో ద్వేషమేమీ లేదు. చాకలి వాళ్లు, సాలె వాళ్లు అన్నట్టే, ఇదీ ఒక గుర్తు.

ఊరికి కూడా తనదైన శనివారం ఒకటుండేది. ఆ రోజు నూనె కొనరు, ఇనుము కొనరు. నూనె ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేతులు మారితే శని కూడా వెంట వస్తాడని నమ్మకం. ఆ రోజు దుకాణదారు కూడా నూనె పీపా మీద గోనె కప్పి ఉంచేవాడు. కొత్తలో నేను అది చూసి నవ్వుకున్నాను. వాళ్లూ మమ్మల్ని చూసి నవ్వుకునే ఉంటారు.

మా ఇంట్లో ఒక ట్రాక్టరు ఉండేది. మానుకోటలో ఒక రైసు మిల్లు ఆయన దగ్గర మామ కొన్నాడు. అది ఏ దేశంలో ఎప్పుడు తయారైందో మా ఆయనకు కూడా సరిగా తెలియదు. కొనేనాటికే అది ముసలిది. నీలి రంగు వెలిసి, బానెట్ మీద సొట్టలతో, చలికాలం పొద్దున పది మంది నెట్టితే గాని దగ్గు కూడా దగ్గేది కాదు. బండి వచ్చాక మామ ఎడ్లను అమ్మేశాడు. అందులో పెద్దదాన్ని మా పక్క చేను రైతు కొన్నాడు.

ఆయనది వేరే కులం, వేరే దేవుడు. కాని మామను "బాపు" అనేవాడు, మా ఆయనను "అన్న" అనేవాడు, నన్ను "వదినె" అనేవాడు. వరుసకు మరిది కాబట్టి ఇక్కడా మరిది అనే రాస్తాను. ఆయనకు ఉన్నది కొద్దిపాటి పొలం, ఒక బాయి, ఒక బండి, మా పెద్ద ఎద్దుతో కూర్చుకున్న ఎడ్ల జత. వానకాలం దున్నుకునేవాడు, ఎండకాలం బండి కట్టి కిరాయికి పోయేవాడు. ఎద్దు పోతే రెండూ పోతాయి. మా దగ్గర కొన్న ఆ ఎద్దు సాయంత్రం మేత నుంచి వస్తూ అలవాటు కొద్దీ మా వాకిట్లోకి తిరిగేది. మరిది భార్య, నాకు చెల్లెలి వరుస, కర్ర పట్టుకుని వెనకే వచ్చేది. "నీ పుట్టిల్లు గీడ లేదే, నడువు" అని దాన్ని తిట్టేది. నేను గంజి పెట్టి పంపేదాన్ని.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తరువాతి వానకాలం. వాన విడవకుండా పడింది. నాట్లు ముమ్మరంగా సాగుతున్నాయి. బండి పగలంతా నాట్లకు మడిని బురద చేసే దమ్ములోనే ఉండేది. వెనక చక్రాలు ఇరుసు దాకా బురదలో మునిగేవి. పాత రబ్బరు సీళ్లు నీళ్లను ఎన్నాళ్లని ఆపుతాయి? ఒకనాడు లిఫ్టు నాగళ్లను ఎత్తుతూ ఎత్తుతూ మధ్యలో ఆగి వణికింది. తరువాత ఎత్తినవి ఎత్తినట్టే నిలవకుండా మెల్లగా కిందికి దిగిపోయాయి. పంపు గీపెట్టింది. మా ఆయన కొలిచే కడ్డీ తీసి చూపించాడు. దాని మీద ఆయిల్ పాలు ఎక్కువైన చాయలా ఉంది.

"నాయినా, గిది ఆయిలు గాదు, సల్ల" అన్నాడు.

"సల్లయితె గటుకల పోసుకుందుము. ఏం జెయ్యాలె చెప్పు" అన్నాడు మామ.

చేయాల్సింది ఒకటే. పాత ఆయిల్ మొత్తం దించాలి, లోపల కడగాలి, కొత్తది పోయాలి. ఆ బండిలో గేర్లకూ లిఫ్టుకూ ఆయిల్ ఒకటే. సీటు కింద ఉన్న పెద్ద పెట్టెలో గేర్లు ఏ ఆయిల్‌లో మునిగి ఉంటాయో, ఆ ఆయిల్‌నే చిన్న పంపు పీల్చి లిఫ్టుకు పంపుతుంది. కాబట్టి లిఫ్టు బాగుచేస్తున్నామంటే బండి మొత్తం కదలకుండా నిలబడాల్సిందే. మా ఆయన వరంగల్ పోయి బస్సు మీద కొత్త ఆయిల్ డబ్బాలు వేయించుకొచ్చాడు. శుక్రవారం పొద్దున ఇంకొకరి మడి దమ్ము ముగించి మధ్యాహ్నం దాటాక పని మొదలుపెట్టారు.

చల్లటి ఆయిల్ సరిగా దిగదు. అందుకని మా ఆయన బండిని కాసేపు తిప్పి వేడిచేసి, కొట్టం పక్కన గట్టి నేల మీద నిలిపాడు. లిఫ్టు చేతులు కిందికి దించాడు. కింద పడుకుని పానాతో బోల్టు విప్పాడు. ముందు ఒట్టి నీళ్లు వచ్చాయి. వర్షపు నీళ్లంత తేట. తరువాత చాయ రంగు వచ్చింది. ఆ తరువాత జున్నులాంటి ముద్దలు. గంగాళం, బకెట్లు, కుడితి తొట్టి, అన్నీ నిండాయి.

ట్రాక్టరు ఆయిల్ దించుతున్నారంటే ఊరికి ఎట్లా తెలుస్తుందో తెలుస్తుంది. బండి ఇరుసులకు, దర్వాజలకు పట్టిన చెదలకు, బర్రెలకు పట్టే గోమార్లకు, అన్నిటికీ ఆ పాత ఆయిలే మందు. ముంతలు, గురుగులు పట్టుకుని వచ్చారు. చేను కోసేటప్పుడు పరిగె ఏరుకునే వాళ్లకు కొంత వదలమన్న ఆజ్ఞను మామ ఆయిల్‌కు కూడా పాటించేవాడు. ఎవరినీ కాదనలేదు. పొద్దు గూకే లోపల ఇంట్లో మురికి ఉండకూడదన్నది కూడా ఆయన పట్టు.

మరిది కూడా ముంత పట్టుకొచ్చాడు.

"వదినె, అన్న ఇయ్యాల ఇనుప బర్రెను పిండుతున్నడు. జర మా ముంత గూడ కింద పెట్టు."

"దూడను తెచ్చినవా మరి? దూడ లేంది సేపుతదా" అన్నాను.

"దూడను నేనే గద" అని బండి కింద ఉన్న మా ఆయన కాలు పట్టి లాగాడు. లోపలి నుంచి మా ఆయన తిట్టాడు. మరిది నవ్వుకుంటూ ముంత నింపుకుని పోయాడు.

పక్కనున్న పలక విప్పితే లోపల జాలీ ఉంది. దాని నిండా మడ్డి, సన్నటి ఇత్తడి పొడి. అది నేనే డీజిల్‌లో కడిగాను. తుడవడానికి నా పాత వాయిలు చీర ముక్కలు ఇచ్చాను. గోనెతో తుడిస్తే పీచు లోపల మిగిలి పంపులో చిక్కుకుంటుంది. పలక బిగించి, డీజిల్‌లో కొంచెం కొత్త ఆయిల్ కలిపి లోపల పోశారు. బండిని నిలిపినచోటే స్టార్టు చేసి, నాగళ్లు తగిలించకుండా లిఫ్టు పైకీ కిందికీ ఆడించారు. దించితే మళ్లీ పాలచాయే వచ్చింది. ఇంకోసారి కడగాల్సిందే. ఒట్టి డీజిల్‌తో నడిపితే పంపు గీసుకుపోతుందని మా ఆయన ఈసారి కొత్త ఆయిల్ ధారాళంగా వాడాడు. తక్కువ పడేదానికి పటేల్ గారి ఇంట్లో పీపా ఉండనే ఉంది. వాళ్లకూ ట్రాక్టరు ఉంది. "ఎప్పుడు కావాలంటె అప్పుడు పట్టుకపో" అని పటేల్ ముందే చెప్పాడు. రెండో కడుగుడు తేటగా వచ్చింది. పాలు లేని చాయలా.

అప్పటికి పొద్దు తాటిచెట్ల మీదికి వాలింది. మామ చేతులు కడుక్కున్నాడు.

"సాలు తియ్. బోల్టు బిగియ్యకు. చుక్క చుక్క కారి లోపల ఆరుతది."

"పటేల్ ఇంటికి ఉరికి రెండు డబ్బలు తెత్త నాయినా. పోసి మూత్తె ఒక పనైపోతది."

"పోను రాను పొద్దు గూకుతది. ఇంక పోసుడెప్పుడు, కొలుసుడెప్పుడు? ఆదివారం పొద్దుగాల పో. ఒక్క దినం నిలవడితె బండి ముసలిదేం గాదు."

"గది పుట్టుకతోనె ముసలిది గద" అన్నాడు మా ఆయన. తాటిపత్రి పట్టా కప్పి తాళ్లు కట్టాడు. నేను దీపం వెలిగించాను. మేము పాట పాడి విశ్రాంతి దినాన్ని లోపలికి పిలిచాము. ఆ రాత్రి వాన మళ్లీ పట్టింది.

తెల్లారి శనివారం. సంఘం మా నడిమింట్లో కూడింది. నేను వాక్యం చదువుతున్నాను. తలుపు దగ్గర మరిది భార్య కనిపించింది. తల నుంచి నీళ్లు కారుతున్నాయి. మధ్యలో మాట్లాడకూడదేమోనని చేతులు నలుపుకుంటూ నిలబడింది. నేను చదవడం ఆపాను.

"ఏంది చెల్లె?"

"అక్కా, ఎద్దు బాయిల వడ్డది. మీ ఎద్దే, పెద్దది. ఒడ్డు జారింది. ఆయన గూడ దునికిండు. దాని మూతి పైకి వట్టుకొని నీళ్లల్లనే ఉన్నడు. నలుగురు మోకులేసి గుంజుతున్నరు గని కాళ్లు జారుతున్నయి. బండి కావాలె."

ఆ బాయికి మెట్లు లేవు. గోడలాగా నిలువుగా తవ్విన మట్టి బాయి. వానకు నీళ్లు పైకి వచ్చాయి గాని, ఎద్దుకు కాలు ఆనేంత కాదు. అది ఈదుతూనే ఉండాలి. ఒడ్డంతా బురద. దూరంగా గట్టి నేల మీద నిలబడి మోకు లాగగలిగేది ఎడ్ల జతలు గాని ట్రాక్టరు గాని. నాట్ల కాలం కాబట్టి ఎడ్లన్నీ తలా ఒక మడిలో ఉన్నాయి. మా కొట్టంలో ఎడ్లు లేనే లేవు.

వెనక ఎవరో మెల్లగా "విశ్రాంతి దినం గద" అన్నారు.

మామ అప్పటికే లేచాడు. "గుంటల వడ్డ ఎద్దును తియ్యనోడెవడని అడిగిన ప్రభువు దినమే గిది. లేవుండ్రి అందరు." ముగింపు ప్రార్థన కూడా చేయలేదు. సంఘమంతా లేచింది. ఆ ఉదయం మమ్మల్ని మా నియమం ఒక్క క్షణం కూడా ఆపలేదు. ఇది నేను స్పష్టంగా రాయాలి. మమ్మల్ని ఆపింది ఖాళీగా ఉన్న ఆ పెట్టె.

మా ఆయన తాటిపత్రి లాగేసి బోల్టు బిగించాడు. మిగిలిన కొత్త ఆయిల్ అంతా పోశాడు. కడ్డీ దించి తీస్తే కొస కూడా తడవలేదు.

"నిన్నటి పాతదే తిరిగి పోయరాదు" అన్నాను.

"ఎక్కడున్నది? ఊరంత ముంతలల్ల వంచితిమి." ఆయన నా వైపు చూశాడు. "నువ్వు పటేల్ ఇంటికి పో. మొగోడు పోతె దర్వాజ కాడ నిలవడాలె. నువ్వైతె లోపలి దాక పోతవు. మోసుకొచ్చెటందుకు ఇద్దరిని తోలుకపో."

నేను ఉరికాను. పటేల్ పరకాల పోయాడు. ఇంట్లో ఆయన తల్లి ఉంది. తలంటుకుని, తెల్లటి జుట్టు ఆరబోసుకుని, నువ్వుల నూనె దీపం ముందు కూర్చుని ఉంది. నేను ఆయాసపడుతూ చెప్పాను. ఆమె అంతా విన్నది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అయ్యో, నోరు లేని జీవి. కని ఇయ్యాల శనివారం గద బిడ్డ. నూనె ఎట్ల ఇయ్యాలె?"

"అవ్వా, గది తినే నూనె గాదు. మిషిని ఆయిలు."

"నూనె నూనెనే. ఇనుప పీపల ఉన్నది, ఇంక ఇనుము గూడ కలిసె. నేను నీ చేతుల పెడితె నా ఇంటి శని నీ కొంగున కట్టినట్టు. నువ్వు పిల్లల తల్లివి కావలసినదానివి. నాకు గా పాపమెందుకు?"

"మాకు శని లేడు అవ్వా. మాకు అన్ని దినాలు దేవునివే."

"మీకు లేకుంటె లేడు. నాకున్నడు గద. ఇచ్చెటిదాన్ని నేను."

ఆమె మాటలో కాఠిన్యం లేదు. నా మంచి కోరే కాదంటున్నది. నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. "అవ్వా, బాయిల ఎద్దొక్కటే లేదు. మనిషి గూడ ఉన్నడు. దాని మూతి విడువడు. అది మునిగితె ఆయన గూడ మునుగుతడు" అన్నాను.

పెద్దామె దీపం ఒత్తి ఎగదోసింది. తరువాత లేచింది. "ఉప్పు చేతికియ్యం. కింద పెడుతం, వాళ్లు తీసుకుంటరు. గట్లనే చేత్త. నేను ఇచ్చుడు గాదు, నువ్వు అడుగుడు గాదు." జీతగాడి కోసం పిలిచింది. వాడు దొడ్లో లేడు. పిలిపించారు. ఆమె తాను పీపా ముట్టుకోదు, మా వాళ్లను లోపలికి రానివ్వదు. జీతగాడు వచ్చి, డబ్బాలు వెతికి, నింపి, ప్రహరీ బయట మట్టి మీద పెట్టాడు. ఆమె గడప లోపల ముఖం పక్కకు తిప్పుకుని నిలబడింది. మేము వాటిని ఎత్తుకుని ఎవరూ చూడనట్టు పరుగెత్తాము.

గరాటు లేకుండానే పోశారు. చిక్కటి ఆయిల్ తొందరపడదు. మనం ఎంత వంచినా అది దిగే తీరులోనే దిగుతుంది. డబ్బా పట్టుకున్న మా ఆయన పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, తిట్టో నాకు తెలియదు. కడ్డీ తడిసింది. సంఘమంతా బండిని నెట్టింది. అది దగ్గి, పొగ వదిలి, లేచింది.

మేము చేరేసరికి మామ బాయి ఒడ్డున బురదలో బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయనకు లోపలిది సరిగా కనిపించదు. ఎద్దును పిలుస్తున్నాడు. ఒకప్పుడు నాగలి వెనక నడుస్తూ పిలిచినట్టే, నాలుక అంగిలికి కొట్టి, "హో నాయిన, హో హో, నిలువు నిలువు" అంటున్నాడు. లోపల మరిది మెడ దాకా నీళ్లలో ఉన్నాడు. ఒక చెయ్యి గోడలోంచి పొడుచుకొచ్చిన వేరును పట్టుకుంది. ఇంకో చెయ్యి ఎద్దు దవడ కింద మడిచి ఉంది. ఎద్దు ఈదడం మానేసింది. దాని బరువంతా ఆ చేతి మీదే ఉంది.

"బాపు, నీ మాట ఇంటున్నది. చెవి తిప్పుతున్నది. పిలు, పిలు" అంటున్నాడు.

మోకు ముందే పొట్ట కింది నుంచి వేసి ఉంచారు. మా ఆయన బండిని వెనక్కి తెచ్చి, మోకు కట్టి, మెల్లగా ముందుకు కదిలించాడు. ముసలి బండి ఆ పని చక్కగా చేసింది. ఒడ్డు కొంత విరిగింది. ఎద్దు మట్టిని గీసుకుంటూ పైకి వచ్చి పక్కకు ఒరిగింది. ముక్కుల నుంచి నీళ్లు కారాయి. ముందరి కాళ్లు మడిచి లేవబోయింది. ఒకసారి. తరువాత తల నేల మీద పెట్టింది. గోనెలతో రుద్దారు, మంట వేశారు, అల్లం రసం పోయబోయారు. నోరు పట్టలేదు. మధ్యాహ్నం లోపల దాని పొట్ట కదలడం ఆగిపోయింది.

మరిదిని నలుగురు పట్టి పైకి లాగారు. పెదవులు నల్లబడ్డాయి. ఎద్దు దవడ కింద పెట్టిన చెయ్యి అట్లాగే మడిచి ఉండిపోయింది. సాపు చేయబోతే రాలేదు. ఇంకా దేన్నో ఎత్తి పట్టుకున్నట్టే ఉంది. భార్య ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది.

చుట్టూ చేరిన జనం ఊరుకోలేదు.

"శనివారపోళ్ల బండి, శనివారమే మొరాయించె" అన్నాడు ఒకడు.

"బండి తప్పేంది? శనివారం నూనె వోసి తెచ్చిరి. గా నూనెతోని వచ్చిన శని ఎద్దు మీద గూసున్నడు" అన్నాడు ఇంకొకడు.

మరిది తల ఎత్తాడు. "జర ఊకోండ్రి. ఇంక పక్కనే ఉన్నది గద అది. దాని ముంగట గా మాటలొద్దు."

ఆదివారం తెల్లారకముందే మామ మా ఆయనను లేపి మరిది మడికి బండి తోలించాడు. దమ్ము చేసి, చదును చేసి, నాటుకు సిద్ధం చేశారు. ఆ రోజు లిఫ్టు వణకలేదు. పంపు గీపెట్టలేదు. నాగళ్లు ఎక్కడ ఎత్తితే అక్కడ నిలిచాయి. మా ఆయన మీట మీద చెయ్యి వేసినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అంత బాగా పనిచేసే బండిని చూడటం అంత కష్టంగా ఎప్పుడూ లేదు.

తరువాతి శనివారం కూడికలో ఒక పెద్దమనిషి మామను ఓదార్చబోయాడు. "అంత దేవుని చిత్తం. మనం దినాన్ని కాపాడినం, ఆయన చూసుకుంటడు" అన్నాడు.

"దేవుని మీద పెట్టకు" అన్నాడు మామ. "ఆయన దినం మంచిదే. దాని ముందటి దినాన్ని నేను సక్కగ వాడుకోలె. పగటి పూట మించినంక బండి ఇప్పమన్నది నేను. ఆయన చెప్పిండా ఇప్పమని?" ఆ నాటి నుంచి మా ఇంట్లో శుక్రవారం బండి మీద పానా పెట్టలేదు. ఇంజను అయినా, గేరు అయినా, లిఫ్టు అయినా, సోమవారం విప్పాలి, బుధవారం లోపల మూయాలి. అది మామ పెట్టిన కొత్త నియమం. ఊళ్లో ఇంకో ట్రాక్టరు వాళ్లు కూడా కొంతకాలం పాటించారు, ఎందుకో తెలియకుండానే.

సువార్తలో ఉన్న ఆ గుంటలో పడిన ఎద్దు మాట నేను ఆ తరువాత ఎన్నిసార్లు చదివానో. దాన్ని పైకి తీయడం ధర్మమా కాదా అన్నదానికి అక్కడ జవాబుంది. అది గుంటలో ఎంతసేపు ఉందో, తీసేవాడి దగ్గర మోకు సిద్ధంగా ఉందో లేదో అక్కడ లేదు. అది మన చేతికి వదిలాడని నేను అర్థం చేసుకున్నాను.

మరిది ఆ పంట తీశాడు. కాని మిగిలిన ఎద్దు కొత్త జతతో నడవలేదు. అరువు తెచ్చిన కోడెను కొమ్ములతో కుమ్మేది. మామ దగ్గరికి వచ్చి "బాపు, అంగడికి కొట్టుకపోత" అని చెప్పి అమ్మేశాడు. చేతికి పూర్తిగా బలం రాలేదు. ముద్ద కలుపుకునేవాడు గాని బరువు ఎత్తేవాడు కాదు. ఆయన ఎడ్ల బండి కొట్టంలోనే నిలబడింది. దాని మీద కోళ్లు కూర్చునేవి. పొలం మేమే దున్ని, పంటలో పాలు ఇచ్చేవాళ్లం. ఆయన ఒడ్డున నిలబడి చూసేవాడు. ఇంకొకడు తన మడి దున్నుతుంటే ఒడ్డున నిలబడటం రైతుకు ఎట్లా ఉంటుందో నేను చెప్పలేను. ఒక్కనాడు కూడా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మామకు అదే మోయలేనిదైంది. "తిట్టినా మంచిగుండు బిడ్డ" అనేవాడు నాతో.

కొన్నేళ్లకు గోదావరి దిక్కు బొగ్గు గనుల్లో పని దొరికిందని బయలుదేరాడు. ఎన్నడూ భూమి లోపలికి దిగనివాడు. బయలుదేరే పొద్దున మా ఇంటికి వచ్చాడు. మామ అప్పటికి పూర్తిగా చూపు పోయి మంచం మీద ఉన్నాడు. మరిది మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"బాపు, లోపలికి దిగాలెనట. భయమైతున్నది. మీ దేవునితోని నా గురించి ఒక మాట చెప్పు."

ఊళ్లో ఎందరికో ప్రార్థన చేసిన మనిషి మామ. జ్వరాలకు, కాన్పులకు, ఎండిన మడులకు. ఎవరు అడిగినా మాటలు ఊటలాగా వచ్చేవి. ఆయన చెయ్యి తడుముకుంటూ పోయి మరిది తల మీద ఆగింది. పెదవులు తెరుచుకున్నాయి. నేను కళ్లు మూసుకున్నాను. మాట రాలేదు. మళ్లీ తెరుచుకున్నాయి. రాలేదు. నేను కళ్లు తెరిచి చూశాను. మరిది తల వంచుకుని, ఓపికగా, అట్లాగే కూర్చుని ఉన్నాడు. కొంతసేపటికి తల మీది చేతిని రెండు చేతులతో తీసి మంచం మీద పెట్టాడు.

"సాలు తియ్ బాపు. ఇన్నడు గావొచ్చు. పోయొత్త."

ఆయన వెళ్లాక మామ నన్ను పిలిచాడు. "బిడ్డ, నువ్వు చెయ్యి. నాకు మొకం లేదు" అన్నాడు. ఆ వానకాలం దాటకుండానే మామ ప్రభువును చేరాడు.

ఆ పని అప్పటి నుంచి నాదైంది. మరిది గనిలోకి దిగేవాడు, పైకి వచ్చేవాడు. ప్రతి పండక్కి కొంచెం ఎక్కువ దగ్గుతూ ఊరికి వచ్చేవాడు. ఇప్పటికీ నాకు ఆ ప్రార్థన నిండుగా రాదు. అందుకే ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలవమని అడుగుతున్నాను. మీ దేవుణ్ణి మీరు ఏ పేరుతో పిలిచినా సరే, ఏ దినాన పిలిచినా సరే.

తండ్రీ, బతుకుతెరువు కోసం భూమి లోపలికి దిగే వాళ్లను పైకి తీసుకురా. తిట్టకుండా ఓర్చుకున్న వాళ్ల ఓర్పును మా మీద భారంగా కాక, దీవెనగా మార్చు. నిన్ను ప్రేమించి నియమం పెట్టుకున్న మాకు, ఆ నియమానికి ముందున్న గంటలను చూసే కళ్లు ఇయ్యి. మాట రాక నీ ముందు నోరు తెరిచి ఉండిపోయిన ఆ ముసలి మనిషి చెప్పాలనుకున్నది నువ్వు విన్నావని మేము నమ్ముతున్నాము. విన్నదాన్ని జరిగించు. నాతో పాటు మీరూ చెప్పండి: ఆమెన్.